నేత్ర రెండో మాట

"నేత్రా... నేత్రా... కళ్ళు తెరువమ్మా. ఇటు చూడు. వరూ ఆంటీని చూడు."

వరూధిని చాప మీద మోకాళ్ళపై కూర్చుని పిల్ల బుగ్గ తడుతోంది. నేత్ర కళ్ళు సగం తెరిచింది. ఎవరో తెలియనట్టు చూసి మళ్ళీ మూసేసుకుంది. గౌను ముందు భాగమంతా వాంతి. తుడిచి మార్చిన గౌను కూడా ఇప్పుడు పాడైంది.

మిగతా పిల్లలు ముగ్గురూ గోడకి ఆనుకుని నిలబడిపోయారు. వరూధిని కూతురు అక్షర మాత్రం తల్లి భుజం మీదుగా తొంగి చూస్తోంది.

"అమ్మా, నేత్ర ఇందాక కథలో కూడా నిద్రపోయింది."

నిజమే. ఏనుగు కథ చెబుతుంటే పిల్ల తన వొళ్ళో వాలిపోయింది. ఎప్పుడూ కుదురుగా కూర్చోని పిల్ల ఇవాళ ఎంత బుద్ధిగా ఉందో అని ఫోటో కూడా తీసుకుంది వరూధిని. ఆ ఫోటో ఇంకా ఫోన్‌లోనే ఉంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. శశిధర్ చెవుల మీది హెడ్‌ఫోన్ మెడలోకి జార్చుకుంటూ వచ్చాడు.

"ఏమైంది వరూ? కాల్‌లో ఉన్నాను, కొంచెం మెల్లగా..." అంటూనే పిల్లని చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

"తెలీదు. వాంతులు. లేవడం లేదు."

"జ్వరమా?"

"ఒళ్ళు చల్లగా ఉంది శశీ."

మెట్ల మీద చప్పుడైంది. ఇంటావిడ సొన్నమ్మ పై అంతస్తు నుంచి దిగి వచ్చింది. రోజూ పది దాటాక ఆవిడ కిందికి దిగడం, పిల్లల మధ్య కాసేపు కూర్చోవడం వరూధిని ఈ హాల్లో బడి మొదలుపెట్టిన నాటి నుంచీ అలవాటు. ఇవాళ ఒకసారి వచ్చి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఏమ్మా, బిడ్డ ఇంకా లేయలేదా?"

ఆ 'ఇంకా' అన్న మాట వరూధిని పట్టుకుంది. లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అవ్వా, పొద్దున ఎంత పెట్టావు?"

"దినం పెట్టేదే కదమ్మా."

"దినం పెట్టేదేనా? నిజం చెప్పు."

సొన్నమ్మ కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంది. "రవంత జాస్తి పెట్టినా. నువ్వే కదమ్మా నిన్న అంటివి, ఒక మాట వచ్చె, రెండో మాట రాకుండా ఉండాది అవ్వా అని. శనివారం పిల్లల అమ్మానాన్నలందరూ బడి చూసేదానికి వస్తారు, పాప మాట్లాడితే బాగుంటుంది అని. అందుకే బజె కొంచెం ఎక్కువ అరగదీస్తిని."

వరూధిని గట్టు పట్టుకుని నిలబడింది.

కన్నడంలో బజె అంటే మరేం కాదు, వస కొమ్ము. వరూధిని పుట్టింటి వైపు కూడా పసిపిల్లలకి నాలుక తిరగాలని వస పోసేవారు. సొన్నమ్మ ఆ కొమ్ముని దీపం సెగకి కాల్చి, సానరాయి మీద తేనెతో అరగదీసి, వేలి కొసతో నేత్ర నాలుకకి రాస్తోంది. ఆవిడ పెంచిన పిల్లలందరికీ రాసిందట. వరూధిని మొదటి రోజు చూసి వద్దందామనుకుంది. ఇంటావిడ, పెద్దావిడ, పైగా వేలి కొసంతే కదా అని ఊరుకుంది.

ఆ తరవాత ఊరుకోవడానికి వేరే కారణం దొరికింది. మూడేళ్ళు దాటినా నోరు విప్పని పిల్ల పోయిన సోమవారం ఇదే హాల్లో 'నీళ్ళు' అంది. వరూధిని వీడియో తీసి తల్లుల గ్రూపులో పెట్టింది. నేత్ర తల్లి నళిని ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి ఆమెని కావలించుకుని ఏడ్చింది. గ్రూపు నిండా చప్పట్లు, పూలు. కొత్త తల్లులు ఇద్దరు ఫోన్ చేసి మా పిల్లల్ని కూడా చేర్చుకుంటారా అని అడిగారు. సానరాయి సంగతి వరూధిని ఎవరికీ చెప్పలేదు. పొగడ్త తియ్యగా ఉంది, అందుకే చెప్పలేదు.

శశిధర్ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఏం పెట్టారు? ఏంటిది? వరూ, నీకు తెలుసా ఈ సంగతి?"

ఆమె కుళాయి తిప్పి చేతికంటిన వాంతి కడుక్కోసాగింది.

"తెలుసన్నమాట," అన్నాడు. గొంతు పెంచలేదు. అందువల్ల ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

"సుమ్నే, ఊరికే భయపడతా ఉండారప్పా," అంది సొన్నమ్మ. "లోపల కఫం ఉండాది, అది బయటికి వస్తా ఉండాది. కాసేపుంటే లేస్తాది." మాట ధైర్యంగానే ఉంది. కొంగు మాత్రం వేళ్ళ నుంచి విప్పలేదు.

"నేను ఆసుపత్రికి తీసుకెళ్తున్నా," అంది వరూధిని.

"వెళ్ళు. కానీ ఒక్క మాట విను." శశిధర్ ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు. "అక్కడ ఈ కొమ్ము గోల చెప్పకు. ఉప్మా తింది, వాంతి చేసుకుందని చెప్పు. వాళ్ళు డాక్టర్లు, వాళ్ళే కనుక్కుంటారు. మనకి పర్మిషన్ లేదు, ఏం లేదు. స్నేహితుల పిల్లలు కదా అని హాల్లో చాప పరిచి బడి పెట్టావు. రేపు పోలీసులొస్తే వాళ్ళు స్నేహం చూడరు."

"పిల్లకేమైనా అయితే?"

"ఏమీ కాదు. అయితే..." వాక్యం పూర్తి చెయ్యలేకపోయాడు. "నాకూ భయంగానే ఉంది వరూ. కూతురుంది మనకి."

ఆమె అతన్ని తప్పించుకుని హాల్లోకి వెళ్ళి నేత్రని భుజాన వేసుకుంది. పిల్ల చేతులు మెడ చుట్టూ పడలేదు. వేలాడుతూ ఉండిపోయాయి.

"పిల్లల దగ్గర నువ్వే ఉండు. నువ్వే, శశీ. ఎవరినీ వాళ్ళకి ఏమీ పెట్టనివ్వకు," అంది.

ఆ మాట సొన్నమ్మకి తగిలింది. ఆవిడ ఏమీ అనకుండా మెట్ల కేసి నడిచింది. అప్పుడు అక్షర తండ్రి ప్యాంటు పట్టుకుని లాగింది.

"నాన్నా, అవ్వ పెట్టింది నేనైతే ఉమ్మేశాను. చేదుగా ఉంది."

శశిధర్ అక్కడే నేల మీద కూలబడి కూతుర్ని గుండెకి అదుముకున్నాడు. వరూధిని వెనక్కి చూడలేదు. చూస్తే కాలు కదలదని తెలుసు.

*

కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు కంపెనీ బస్సులు, వెనక కంపెనీ బస్సులు. డ్రైవరు అద్దంలోంచి పిల్లని చూశాడు.

"ఏమైందక్కా పాపకి? మీ బిడ్డా?"

"మా బిడ్డే," అంది వరూధిని. ఎందుకలా అన్నదో ఆమెకే తెలీదు.

అతను మరేమీ అడగకుండా హారన్ మీద చెయ్యి వేసి, ఫుట్‌పాత్ అంచు నుంచి ఆటోని పక్క సందులోకి తిప్పాడు. కుదుపుకి నేత్ర మూలిగింది. ఆ మూలుగు వినిపించినందుకు వరూధినికి ఏడుపొచ్చింది. బతికే ఉంది, మూలుగుతోంది, అదే చాలనిపించింది.

నళినికి ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే టీమ్‌లో పక్క పక్క సీట్లలో పనిచేశారు. వరూధిని ఉద్యోగం మానేసి బడి పెడతానంటే మొదట పిల్లని పంపింది నళినే. నీ చేతుల్లో ఉంటే నేను నిశ్చింతగా పని చేసుకుంటానంది.

"నళినీ, కంగారు పడకు. నేత్రకి వాంతులవుతున్నాయి. సిగ్నల్ అవతల ఉన్న పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. వెంటనే రా."

అటు నుంచి కీబోర్డు చప్పుడు ఆగింది.

"నళినీ, వింటున్నావా?"

"మత్తుగా ఉందా?" అంది నళిని.

"ఆఁ. లేవడం లేదు."

"వస్తున్నా." ఫోన్ పెట్టేసింది.

ఆసుపత్రి మెట్లెక్కుతుండగా వరూధినికి చటుక్కున తట్టింది. తను వాంతులన్నది. మత్తు సంగతి తను చెప్పలేదు.

*

అత్యవసర గదిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నేత్ర కనురెప్పలు ఎత్తి లైటు వేసి చూసింది, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. నర్సు సెలైన్ సూది గుచ్చింది. పిల్ల ఏడవలేదు. సూది గుచ్చితే ఏడవని పిల్లని వరూధిని ఇంతవరకూ చూడలేదు.

"మీరు తల్లా?" డాక్టరమ్మ కన్నడంలో అడిగింది.

"కాదు. టీచర్ని. మా ఇంట్లోనే చిన్న బడి."

"ఏం తిన్నది?"

"ఉప్మా."

"ఇంకా?"

శశిధర్ చెప్పిన మాటలు చెవిలో మోగాయి. "నీళ్ళు తాగింది," అంది వరూధిని.

"మందులేమైనా ఇచ్చారా? దగ్గు సిరప్, నిద్ర మందు? మీ ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే మాత్రలేమైనా మింగిందా?"

"లేదు."

అబద్ధం కాదని తనకి తనే చెప్పుకుంది. సిరప్ కాదు, మాత్ర కాదు. ఇంత తెలివి ఇంతకు ముందెప్పుడు పనికొచ్చిందో! డాక్టరమ్మ ఆమె ముఖం కేసి ఒక్క క్షణం చూసి, బయట కూర్చోమంది.

బయట కుర్చీలో కూర్చుంది. చెప్పాలి. చెప్తే బడి పోతుంది. పోనీ, పోతే పోయింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, కేసు పెడతారు, పేపర్లో వేస్తారు, అక్షరని చూసి నలుగురూ గుసగుసలాడతారు. చెప్పకపోతే? ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి బుర్ర పనిచెయ్యడం మానేస్తోంది.

నళిని వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు, జుట్టంతా చెదిరి ఉంది. అద్దం తలుపులోంచి కూతుర్ని చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

వరూధిని ఆమెని మందుల షాపు పక్కన ఉన్న మూలకి తీసుకెళ్ళింది. నీళ్ళు నమలకుండా చెప్పేసింది. సొన్నమ్మ, సానరాయి, వేలి కొస, ఇవాళ జాస్తిగా పెట్టడం, తను నిన్న అన్న మాట, అన్నీ.

"కొట్టు నళినీ. తిట్టు. నాకు తెలిసీ ఊరుకున్నాను. వీడియో చూసి అందరూ పొగుడుతుంటే..."

నళిని తిట్టలేదు. కొట్టలేదు. గోడకి చేరగిలబడి, "ఎంత పెట్టింది ఇవాళ?" అంది.

"రెండు మూడు వేళ్ళకి అంటినంత అయ్యుండాలి. సరిగ్గా తెలీదు."

"ఆవిడ సోమవారం సాయంత్రం మెట్ల దగ్గర నాకూ ఒక కొమ్ము ఇచ్చింది, వరూ."

వరూధిని ఆమెకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఇంట్లో కూడా నాకించు, బేగ మాట వస్తుందంది. రోజూ కొంచెమే ఇచ్చేదాన్ని. నిన్న మా ఆయన మళ్ళీ గొడవ చేశారు. మూగపిల్లని కన్నావు, ఉద్యోగం ఉద్యోగమని దాన్ని ఊరివాళ్ళ ఇళ్ళల్లో పడేస్తున్నావు అన్నారు. నాకు పిచ్చెత్తింది. మిక్సీలో పొడి చేసేశాను. రాత్రి చెంచాడు తేనెలో కలిపి తాగించాను. పొద్దున నీ దగ్గరికి తెచ్చే ముందు ఇంకో చెంచాడు."

"చెంచాడా!"

"మెల్లగా," నళిని ఆమె నోరు మూసింది. "ఒక్క మాట ఇంకా అంటే చాలు కదా అనుకున్నా. అమ్మా అంటుందేమోననుకున్నా, వరూ. ఒక్కసారి."

"పద. డాక్టరుతో చెబుదాం. ఇప్పుడే."

"ఆయన వస్తున్నారు." నళిని ఆమె మోచెయ్యి పట్టుకుంది. "కాటన్‌పేటలో తన కొట్టు నుంచి బయల్దేరారు. నేనని తెలిస్తే పిల్లని మళ్ళీ నాకు చూపించరు. వాళ్ళమ్మ దగ్గరే ఉంచేస్తారు. పోయినసారి నేత్ర మెట్ల మీంచి పడ్డప్పుడే అన్నారు, ఇంకోటి జరిగితే పాప మా ఇంట్లో, నువ్వు మీ పుట్టింట్లో అని. ఉత్త మాట కాదది. నీ కాళ్ళు పట్టుకుంటాను. నాది చెప్పకు."

"నళినీ, పిల్ల..."

"నీ సంగతి నువ్వు చెప్పు. వస అని తెలుస్తుంది కదా, అదే వైద్యం చేస్తారు. నాది ఎందుకు?"

ఆమె మాటల్లో న్యాయం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ క్షణం వరూధినికి స్నేహితురాలి మీద కోపం రాలేదు, జాలీ రాలేదు, ఒట్టి భయమే. ఇంత మంచి మనిషి ఇంత మాట అనగలిగిందంటే ఆ ఇంట్లో ఎలాంటి రోజులు గడుపుతోందో అని.

*

నళిని పక్కనుండగానే వరూధిని డాక్టరమ్మతో వస సంగతి చెప్పింది. ఇందాక మందులేమీ ఇవ్వలేదన్న మాట కూడా గుర్తు చేసి, క్షమించమంది. డాక్టరమ్మ కోప్పడటానికి కూడా సమయం తీసుకోలేదు.

"వేళ్ళకి అంటినంతేనా?"

"ఆఁ."

"దానికి ఇంత మత్తు రాదు. లోపలికి చాలా వెళ్ళి ఉండాలి. ఎంత, ఎప్పటి నుంచి? ఊపిరి నెమ్మదిస్తోంది. ఇక్కడే ఉంచి చూడనా, వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి పంపెయ్యనా? పంపాలంటే ఇప్పుడే పంపాలి. దారిలో ఏదైనా జరగొచ్చు కాబట్టి ఊరికే పంపలేను. నాకు నిజం కావాలి."

అప్పుడే నళిని భర్త అమరనాథ్ వచ్చాడు. పొడుగాటి మనిషి, చొక్కా చెమటకి వీపుకంటుకుని ఉంది. వస్తూనే అద్దంలోంచి కూతుర్ని చూసి, అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు. ఇటు తిరిగేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఎవరు ఏం పెట్టినారు నా బిడ్డకి?"

"వస ఇచ్చారట," అంది డాక్టరమ్మ. "ఇంట్లో కూడా ఇచ్చారా అని అడుగుతున్నాను. తల్లి మీరే కదా? మీరేమైనా ఇచ్చారా?"

వరూధిని నళిని కేసి చూసింది. అమరనాథ్ కూడా చూశాడు.

"ఇంట్లో ఏమీ ఇవ్వలేదు డాక్టర్," అంది నళిని.

గొంతు వణకలేదు. అద్దం అవతల నర్సు నేత్ర ముక్కుకి ఆక్సిజన్ పెడుతోంది. ఆ మాస్కు పిల్ల ముఖానికి పెద్దదైపోయింది.

ఈమే ఇచ్చిందని చెప్పాలి. చెబితే నళిని లేదంటుంది. అవునంటే కాదంటూ ఇద్దరూ ఇక్కడ నిలబడి వాదులాడుకోవాలి. మొగుడు అరుస్తాడు. డాక్టరమ్మ ఎవరిని నమ్మాలో తెలీక కాసేపు చూస్తుంది. అంతసేపూ అక్కడ పిల్ల ఊపిరి...

"నేనే ఎక్కువిచ్చాను," అంది వరూధిని.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

"ఇందాక భయపడి చెప్పలేదు. కొమ్ము మిక్సీలో పొడి చేశాను. తేనెలో కలిపి తాగించాను. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు చెంచాడు. ఇవాళ పొద్దున రాగానే ఇంకో చెంచాడు. ఆ తరవాత మా ఇంటావిడ నాలుకకి రాసింది కూడా."

"నిండు చెంచాలా?"

వరూధిని నళిని కేసి చూడకుండా ఉండలేకపోయింది. నళిని కనురెప్పలు ఒక్కసారి వాలాయి.

"నిండు చెంచాలే."

"అంబులెన్స్!" డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది. తలుపు ఇటూ అటూ ఊగి ఆగింది. లోపల మంచం చక్రాల చప్పుడు మొదలైంది.

వరూధిని పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ఒక్క విషయంలో మాత్రం మనసుకి కాస్త నెమ్మదిగా ఉంది. డాక్టరుకి లెక్క అందింది. మిగతాది తరవాత చూసుకోవచ్చు. నళిని మనసున్న మనిషి. పిల్ల గండం గట్టెక్కితే తనే నోరు విప్పుతుంది.

అమరనాథ్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"మా అమ్మ మొదట్నుంచీ చెప్తా ఉండాది, ఎవరో ఇంట్లో వదిలిపెట్టొద్దురా అని. నేనే వినలేదు. నా పెళ్ళాం మిమ్మల్ని అంత నమ్మిండాది కాబట్టి." ముఖం తుడుచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. "శనివారం నలుగురికీ చూపించుకునేదానికి నా బిడ్డకి విషం పోస్తారా మీరు? అంత ఆశేమిటమ్మా మీకు?"

శనివారం మాట అతనికెలా తెలిసిందా అని వెతుక్కోనక్కర్లేదు. ఆ పిలుపు గ్రూపులో తనే పెట్టింది.

మంచం బయటికి వచ్చింది. మాస్కు కింద నేత్ర ముఖం తెల్లగా ఉంది. నళిని దాని వెంట నాలుగడుగులు వేసింది. అమరనాథ్ ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"నువ్వు బిడ్డతో అంబులెన్స్‌లో పో. నేను వెనకే వస్తా. దానికి ముందు ఒక్క మాట చెప్పు. పోలీస్ స్టేషన్ ఈ పక్క రోడ్డులోనే ఉండాది. ఈమె నీ స్నేహితురాలు. రేపు మళ్ళీ నా మీద పడి ఏడవొద్దు. తల్లివి నువ్వు. ఈమె మీద కంప్లైంట్ ఇయ్యాలా, వద్దా?"

వరూధిని కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇప్పుడు చెప్పేస్తుంది. ఇంత మాట వచ్చాక నళిని ఊరుకోదు, ఊరుకోలేదు.

నళిని ఒక చేత్తో మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. భర్త ముఖంలోకి చూసింది. వరూధిని వైపు మాత్రం చూడలేదు.

"ఇవ్వండి," అంది.